పసిఫిక్ దీవుల్లో యుద్ధకాలపు తీరదుర్గాలు: నాలుగు దీవుల్లో దేన్ని ఎంచుకోవాలి?

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ మహాసముద్రపు దీవుల తీరాల వెంట జపాన్ సైన్యం కట్టిన పిల్‌బాక్సులు (తుపాకి రంధ్రాలున్న చిన్న రక్షణ గూళ్లు), బంకర్లు, ఫిరంగి గూళ్లు, వాటి ఎదుట నీళ్లలో చిక్కుకుపోయిన అమెరికా ట్యాంకులు ఎనభై ఏళ్లు దాటినా చాలాచోట్ల ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. వాటిని చూడాలనుకునేవారికి మొదటి చిక్కు దూరమే. దీవికీ దీవికీ మధ్య వందలు, కొన్నిచోట్ల వేల కిలోమీటర్ల సముద్రం ఉంటుంది. విమానాలు తక్కువ, ఉన్నవాటి టికెట్లు ఖరీదు. అందుచేత ఒక ప్రయాణంలో ఒక దీవి, మహా అయితే దగ్గరదగ్గరగా ఉన్న రెండు దీవులు మాత్రమే సాధ్యమవుతాయి. కిరిబాటి దేశపు తరావా పగడపు వలయంలోని బెటియో, అమెరికా పాలనలో ఉన్న ఉత్తర మరియానా దీవుల్లోని సైపాన్ (పక్కనే టినియన్), అమెరికా పాలనలోనే ఉన్న గ్వామ్, పలావు దేశంలోని పెలెలియు అనే నాలుగింటిలో ఏది ఎవరికి తగినదో తేల్చుకోవడానికి ఈ వ్యాసం.

చాలామంది ఎక్కడ ఎక్కువ శిథిలాలుంటే అక్కడికి వెళ్ళడం మేలనుకుంటారు. ఆ లెక్కతో ఎంచుకుంటే నిరాశ తప్పదని నా అభిప్రాయం, ఎందుకంటే ఒక బంకరును చూసినవారికి పదో బంకరు కొత్తగా చెప్పేది పెద్దగా ఉండదు. శత్రువును ఎక్కడ ఆపాలనుకుని ఆ బంకరును కట్టారు, ఆ ఆలోచన ఎంతవరకు నెగ్గింది అన్న ప్రశ్నలతో చూసినప్పుడే ఒక్కొక్క దీవి తీరు వేరుగా కనిపిస్తుంది.

## ఎంపికకు ముందు చూడవలసిన అంశాలు

అన్నిటికంటే ముఖ్యమైనది రక్షణ వ్యూహం. 1943 నవంబరులో బెటియోను కాపాడిన జపాన్ సేనలు శత్రువును నీటి అంచునే తుడిచిపెట్టాలని నమ్మాయి. అందుకే అక్కడి కట్టడాలన్నీ ఇసుకలోనే, అలలకు ఎదురుగానే ఉన్నాయి. 1944 జూన్, జూలై నెలల్లో సైపాన్, గ్వామ్ దీవుల్లోనూ అదే నమ్మకం నడిచింది, కానీ అక్కడ తీరం వెనుక కొండలున్నాయి కనుక తీరం చేజారిన తరువాత పోరు కొండలకెక్కింది. అదే ఏడాది సెప్టెంబరులో పెలెలియులో ఆలోచనే మారిపోయింది. తీరంలో శత్రువును గాయపరిచేంత బలగాన్ని మాత్రమే ఉంచి, అసలు సైన్యాన్ని సున్నపురాతి గుహల్లో దాచారు. ఈ నాలుగు దీవులను కాలక్రమంలో చూసేవారు ఇసుకలో మొదలై కొండ కడుపులోకి చేరుకుంటారు. వీటిలో ఏ దశను కళ్లారా చూడాలనుకుంటున్నారో ముందుగా తేల్చుకోవాలి.

రెండో అంశం చూపు. పిల్‌బాక్సు లోపల వంగి తుపాకి రంధ్రంలోంచి చూసినప్పుడు, సైనికులు దిగిన నీళ్లు ఇప్పటికీ కనిపించాలి. అది కనిపించకపోతే మిగిలేది తడిసిన కాంక్రీటు గది మాత్రమే. చాలాచోట్ల ఈ చూపును చెట్లు మింగేశాయి. యుద్ధంలో మాడిపోయిన గ్వామ్, సైపాన్ నేలలు కోతకు గురికాకుండా యుద్ధానంతరం అమెరికన్లు విమానాల నుంచి విత్తనాలు చల్లించారు. వాళ్లు టంగన్‌టంగన్ అని పిలిచే ఆ చెట్టు మన రైతులు కాగితపు మిల్లుల కోసం పెంచే సుబాబులే. ప్రకాశం, కృష్ణా జిల్లాలవారికి ఆ దీవుల కొండవాలులు వింతగా పరిచితమనిపిస్తాయి.

మూడోది, వస్తువు తన స్థానంలో ఉందా లేదా అన్నది. ఫిరంగిని తెచ్చి పచ్చికలో దిమ్మె మీద నిలబెట్టడం ఒకటి, అది ఏ కొండవాలులో బిగించబడిందో అక్కడే ఉండడం ఇంకొకటి. ఆ తరువాత వీసా, ప్రయాణపు దారి, నడక శ్రమ, పేలకుండా మిగిలిన గుళ్ల ప్రమాదం వస్తాయి. చివరిది, చాలా మార్గదర్శక వ్యాసాలు వదిలేసేది, ఆ దీవి ప్రజల సంగతి. ఈ కోటలను జపాన్ సైన్యం కట్టించింది, అమెరికా సైన్యం పగలగొట్టింది. నేల మాత్రం ఆ ఇద్దరిదీ కాదు. ఆ నేల సొంతదారుల కథ ఎక్కడ వినిపిస్తుందన్నది కూడా ఎంపికలో భాగమే.

| అంశం | బెటియో | సైపాన్, టినియన్ | గ్వామ్ | పెలెలియు |
|---|---|---|---|---|
| పోరు జరిగిన కాలం | 1943 నవంబరు 20–23 | సైపాన్: 1944 జూన్ 15–జూలై 9, టినియన్: జూలై 24–ఆగస్టు 1 | 1944 జూలై 21–ఆగస్టు 10 | 1944 సెప్టెంబరు 15–నవంబరు 27 |
| ప్రధాన ఆకర్షణ | 8 అంగుళాల తీర ఫిరంగులు, ఆదేశ బంకరు | నీళ్లలో ట్యాంకులు, మునిగిన విమానాలు, అణుబాంబు గుంతలు | పీటీ ఫిరంగులు, అసాన్, ఆగట్ తీరాలు | గుహలు, తీరపు గుట్టలోని ఫిరంగి గూడు |
| దారి | ఫిజీలోని నాడి మీదుగా | గ్వామ్ నుంచి చిన్న విమాన ప్రయాణం | హొనొలులు, టోక్యో, మనీలా మీదుగా | పలావు ప్రధాన పట్టణం కోరోర్ వరకు విమానం, అక్కడి నుంచి పడవ |
| అమెరికా వీసా | అక్కర్లేదు | కావాలి | కావాలి | గ్వామ్ మీదుగా వెళితేనే కావాలి |
| శారీరక శ్రమ | తక్కువ, ఎండ ఎక్కువ | మధ్యస్థం. ఈత వస్తే మేలు | తక్కువ | ఎక్కువ |
| వివరణ, సౌకర్యాలు | దాదాపు లేవు | బాగున్నాయి | అన్నిటికంటే బాగున్నాయి | స్థానిక గైడు తప్పనిసరి |

## బెటియో: తీరరేఖ మీద పెట్టిన పందెం

తరావా వలయంలో ఒక మూలన ఉన్న బెటియో విస్తీర్ణం ఒకటిన్నర చదరపు కిలోమీటరు మాత్రమే. ఆ చిన్న ఇసుక తిన్నె మీద రియర్ అడ్మిరల్ కెయిజీ శిబజాకి నాయకత్వంలో, కొరియా కూలీలతో కలిపి దాదాపు 4,700 మంది ఉండేవారు. కొబ్బరి మొద్దులు, కాంక్రీటు, ఉక్కు, వాటి మీద పగడపు ఇసుక దట్టించి కట్టిన బంకర్లు నౌకల ఫిరంగుల దాడిని చాలావరకు తట్టుకున్నాయి. దాడి చేసిన రోజు చంద్రుడు సగమై ఉన్నాడు. అమావాస్యకూ పున్నమికీ వచ్చే పోటుకూ, అష్టమి నాటి మందపు పోటుకూ ఉన్న తేడా మన తీరాంధ్ర మత్స్యకారులకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ మందపు పోటులో పడవలు పగడపు దిబ్బను దాటలేకపోయాయి. సైనికులు వందల మీటర్లు నీళ్లలో నడుస్తూ తుపాకులకు ఎదురెళ్లవలసి వచ్చింది. 76 గంటల్లో వెయ్యి మందికి పైగా అమెరికన్లు చనిపోయారు; రక్షకుల్లో ప్రాణాలతో చిక్కినవారు 17 మంది జపాన్ సైనికులు, 129 మంది కొరియన్లు.

ఇక్కడ ముఖ్యంగా చూడవలసినవి దీవి రెండు కొసల్లో సముద్రం వైపు తిరిగి తుప్పుపట్టి ఉన్న 8 అంగుళాల ఫిరంగులు. బ్రిటిష్‌వారి నుంచి సింగపూరులో పట్టుకుని తెచ్చారన్న మాట చాలాకాలం చెలామణి అయింది. నిజానికి అవి రష్యా–జపాన్ యుద్ధకాలంలో, 1905లో, బ్రిటన్‌లోని వికర్స్ కంపెనీ జపాన్‌కు అమ్మినవి. సింగపూరు కథ చెప్పే గైడు దొరికితే నవ్వి ఊరుకోవచ్చు. శిబజాకి ఆదేశ స్థావరమైన కాంక్రీటు బంకరు గుళ్ల గాయాలతో ఇళ్ల మధ్యనే నిలిచి ఉంది. పాటు బాగా తీసినప్పుడు దిబ్బ మీద ట్యాంకు, సైనికులను ఒడ్డుకు చేర్చిన దిగుడు వాహనాల అవశేషాలు బయటపడతాయి.

అయితే బెటియోను చక్కగా తీర్చిదిద్దిన స్మారకంగా ఊహించుకోకూడదు. అది పసిఫిక్‌లో అత్యంత జనసాంద్రత గల ప్రదేశాల్లో ఒకటి. బంకరు గోడకు ఆనుకుని ఇల్లు ఉంటుంది, గోడ మీద బట్టలు ఆరుతుంటాయి, ఫిరంగి మీద పిల్లలు ఆడుకుంటుంటారు, చెత్త పోయడానికి చోటు లేని దీవిలో చెత్త ఎక్కడ చేరుతుందో అక్కడే చేరుతుంది. దీన్ని అగౌరవమని చెప్పే యాత్రికుల మాటతో నేను ఏకీభవించను. ఉన్న కాస్త నేల మీద బతకవలసినవారు కాంక్రీటు దిబ్బలకు దూరంగా ఎక్కడికి పోతారు? నేల కింద ఇప్పటికీ సైనికుల అస్థికలు దొరుకుతున్నాయి; 2015లో ఒక్క చోటే 36 మంది అమెరికా మెరీన్ల అవశేషాలు బయటపడ్డాయి. 1942 అక్టోబరులో జపాన్ సైన్యం తలలు నరికి చంపిన 22 మంది న్యూజీలాండ్, బ్రిటిష్ తీరపరిశీలకులు (తీరం నుంచి శత్రువు కదలికలను గమనించేవారు), పౌరుల స్మారకం కూడా ఈ దీవిలోనే ఉంది. అది లేకుండా ఈ దీవి కథ పూర్తికాదు.

నాడి నుంచి తరావాకు విమానం ఉన్నందున, ఫిజీలో ఉన్న తెలుగువారికీ, ఫిజీకి వెళ్ళే యోచనలో ఉన్నవారికీ నాలుగింటిలో ఇదే సులభం. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు మీదుగా చెరుకు తోటల పనికి వెళ్ళిన గిర్మిట్ (ఒప్పందపు) కూలీల్లో తెలుగువారు కూడా ఉన్నారు. వారి వారసులున్న నాడి పట్టణానికి దక్షిణాన మోమి దగ్గర న్యూజీలాండ్ సైన్యం నిలిపిన రెండు 6 అంగుళాల తీర ఫిరంగులు కూడా ఉన్నాయి. దాడి రాలేదు కాబట్టి అవి చెక్కుచెదరలేదు. రాని దాడి కోసం కట్టిన మోమినీ, దాడికి గురైన బెటియోనూ ఒకే ప్రయాణంలో చూడడం మంచి జోడింపు.

## సైపాన్, టినియన్: సముద్రమే ప్రదర్శనశాల

సైపాన్‌లో జపాన్ బలగం దాదాపు 30,000. కానీ వారి రక్షణ ఏర్పాట్లు పూర్తికాలేదు. సిమెంటు, ఉక్కు, ఫిరంగులు తెస్తున్న నౌకల్లో చాలావాటిని అమెరికా జలాంతర్గాములు ముంచేయడంతో, దాడి జరిగేనాటికి బిగించని ఫిరంగులు చాలా మిగిలిపోయాయి. అందువల్ల కాంక్రీటు కట్టడాల కోసమే వెళ్ళేవారికి సైపాన్ నాలుగింటిలో మొదటి స్థానంలో ఉండదు. దక్షిణాన ఒబ్యాన్ తీరంలో బంకరు, విమానాశ్రయం పక్కన జపాన్‌వారి వైమానిక దాడి ఆశ్రయాలు, గరపాన్‌లో పాత జైలు చూడదగినవే.

సైపాన్ గొప్పతనం నీళ్లలో ఉంది. పడమటి తీరంలో లోతులేని మడుగులో షెర్మన్ ట్యాంకులు దిగినచోటే ఆగిపోయి, తోపు భాగం నీళ్ల పైకి కనిపిస్తూ ఉన్నాయి. ఒడ్డున రోడ్డు మీద నిలబడినా కనిపిస్తాయి. ఈత వచ్చినవారు, చిన్న పడవ నడపగలవారు దగ్గరికి వెళ్ళి ఇనుము మీద పగడం ఎలా పట్టిందో, చేపలు ఏ కంతల్లోంచి దూరి వస్తున్నాయో చూడవచ్చు. మునిగిన కవనిశి ఎగిరే పడవ (నీటి మీద దిగే పెద్ద విమానం), ఐచీ నీటివిమానం, జపాన్ సరకు నౌక, దిగుడు పడవలు కలిపి నీటి అడుగు వారసత్వ మార్గంగా గుర్తించారు. డైవింగ్ అనుభవం ఉన్నవారికి ఇంతకంటే మంచి చోటు ఈ నాలుగింటిలో లేదు. డైవింగ్ రానివారు కూడా ముక్కుగొట్టం పెట్టుకుని కొన్నింటిని చూడగలరు.

ఉత్తరాన మార్పి వైపు వెళితే మరో సైపాన్ ఎదురవుతుంది. ఓటమి ఖాయమైన రోజుల్లో వందలాది జపాన్ పౌరులు, సైనికులు దూకి ప్రాణాలు తీసుకున్న శిఖరాలు రెండు అక్కడున్నాయి. జపాన్ చక్రవర్తి అకిహితో 2005లో ఈ దీవికి వచ్చి అక్కడ నివాళులర్పించారు. పిల్లలతో వెళ్ళేవారు ఆ చోటును ఎలా వివరించాలో ముందే ఆలోచించుకోవడం మంచిది.

టినియన్ పక్కనే ఉంది, చిన్న విమానంలో కొన్ని నిమిషాల ప్రయాణం. ఉనాయ్ చులు అనే సన్నని తీరంలో అమెరికన్లు దిగారు. దీవి నైరుతిలోని పెద్ద తీరంలో దిగుతారని ఎదురుచూస్తున్న జపాన్ సేనాని అక్కడ బలమైన రక్షణ పెట్టలేదు. మిగిలిన పిల్‌బాక్సు పక్కన నిలబడి ఆ తీరపు వెడల్పు చూస్తేనే జపాన్‌వారు ఎందుకు మోసపోయారో అర్థమవుతుంది. ఉత్తరాన నార్త్ ఫీల్డ్ విమానాశ్రయంలో 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాల మీద వేసిన అణుబాంబులను విమానాల్లోకి ఎక్కించిన రెండు గుంతలు అద్దాల కప్పుల కింద ఉన్నాయి. అవి తీరదుర్గాలు కావు, కానీ వాటి కోసమే టినియన్ వెళ్ళేవారు ఎక్కువ. విమానాశ్రయాన్ని అమెరికా వైమానిక దళం మళ్ళీ వాడుకలోకి తెస్తోంది కాబట్టి, ఏ భాగం తెరిచి ఉందో వెళ్ళే ముందు విచారించుకోవాలి.

## గ్వామ్: తొలిసారి వెళ్ళేవారికి

గ్వామ్‌ను జపాన్ 1941 డిసెంబరు 10న ఆక్రమించింది. అమెరికన్లు 1944 జూలై 21న అసాన్, ఆగట్ తీరాల్లో దిగారు. ఆ తీరాలు, వాటి వెనుక కొండలు, ఫిరంగి స్థావరాలు కలిపి 1978లో ఏర్పాటైన జాతీయ చారిత్రక ఉద్యానంలో ఏడు విభాగాలుగా ఉన్నాయి. కారు అద్దెకు తీసుకుంటే ముఖ్యమైనవి ఒక్క రోజులో చూడవచ్చు. ఫలకాలు చదవగలిగేలా ఉంటాయి, సందర్శకుల కేంద్రం ఉంది, ఆసుపత్రులు దగ్గర, బస కొరత లేదు.

నా ఉద్దేశంలో గ్వామ్‌లో చూడవలసిన మొదటి చోటు పీటీ. మహోగని చెట్ల నీడలో కొండవాలు ఎక్కితే మూడు 140 మిల్లీమీటర్ల తీర ఫిరంగులు తమ స్థానాల్లోనే ఉన్నాయి. దాడి జరిగే నాటికి అవి సిద్ధం కాలేదు కాబట్టి ఒక్క గుండు కూడా పేల్చలేదు. వాటి స్థావరాలను దీవి మూలవాసులైన చమొర్రో ప్రజల చేత బలవంతపు వెట్టిగా కట్టించారు. చెట్లు పెరిగి సముద్రాన్ని చాలావరకు మూసేశాయి. అందుకే పీటీలో చూపు కంటే లోహాన్నీ, నేలనూ దగ్గరగా చూడడం ముఖ్యం.

ఆగట్ దగ్గర గాన్ పాయింట్‌లో పరిస్థితి తారుమారు. ఇక్కడ చూపు తెరిచి ఉంటుంది. ఇసుక దిబ్బ కింద దాచిన కాంక్రీటు గూటిలోంచి తీరాన్ని పక్కవాటుగా కాల్చిన జపాన్ ఫిరంగులు దిగుడు వాహనాలను ఎన్నింటినో పగలగొట్టాయి. ముందు నుంచి వచ్చేవాడికి గూడు కనిపించదు. గూటిలో ఉన్నవాడికి తీరమంతా పొడుగునా కనిపిస్తుంది. తీరరక్షణ కట్టడం ఎలా పనిచేస్తుందో పుస్తకం అక్కర్లేకుండా అర్థమయ్యే చోటు ఇది. ఇక్కడే మరో వివరాన్ని గమనించాలి: పాత జపాన్ కాంక్రీటు విరిగినచోట పగడపు ముక్కలు, గవ్వల పెంకులు కనిపిస్తాయి. నది ఇసుక, గ్రానైటు కంకర లేని దీవుల్లో పగడాన్నే కంకరగా వాడారు. దాంట్లోని ఉప్పు లోపలి ఇనుప కడ్డీని తినేస్తుంది, తుప్పు ఉబ్బుతుంది, కాంక్రీటు పొరలు పొరలుగా లేచిపోతుంది. నౌకల ఫిరంగులు కూల్చలేని గోడలను ఇప్పుడు లోపలి ఉప్పు కూలుస్తోంది. సివిల్ ఇంజనీర్లయిన పాఠకులు ఈ పగుళ్ల ముందు అందరికంటే ఎక్కువసేపు ఆగుతారు.

దీవి సొంతదారుల కథ గ్వామ్‌లో స్పష్టంగా వినిపిస్తుంది. అసాన్ తీరాన్ని పై నుంచి చూసే చోట ఉన్న స్మారక గోడ మీద చనిపోయిన అమెరికా సైనికుల పేర్లతో పాటు, ఆక్రమణలో బాధలుపడిన చమొర్రో ప్రజల పేర్లు వేలల్లో చెక్కి ఉన్నాయి. యుద్ధం ముగిసిందని నమ్మక అడవిలో దాక్కున్న జపాన్ సార్జెంటు శోయిచి యోకోయి 1972 జనవరిలో తలొఫొఫో నది దగ్గర దొరికింది కూడా ఈ దీవిలోనే. ఆయన గుహ నమూనా చూపిస్తామనే పర్యాటక స్థలాల కోసం రోజు వృథా చేసుకోవద్దు.

గ్వామ్ లోపం ఒకటే. అంతా తేటగా, సులభంగా ఉండడం వల్ల ఇక్కడ యుద్ధం ఒక పాఠంలా మాత్రమే అందుతుంది. ఆ పరిమితి తెలిసినవారికి ఇది చాలదు. తెలియనివారికి ఇది సరిగ్గా సరిపోతుంది.

## పెలెలియు: కొండలోకి వెళ్ళిన రక్షణ

పదమూడు చదరపు కిలోమీటర్ల పెలెలియు దీవిని కొన్ని రోజుల్లో పట్టుకుంటామని అమెరికా మెరీన్ దళాధిపతి విలియం రూపర్టస్ చెప్పారు. అది ముగియడానికి 1944 సెప్టెంబరు 15 నుంచి నవంబరు 27 వరకు పట్టింది. కల్నల్ కునియో నకగావా తన దాదాపు 10,900 మందిని ఎదురుదాడులతో వృథా చేయలేదు. ఉముర్‌బ్రొగోల్ కొండల్లోని సున్నపురాయి గుహలను వెడల్పు చేయించి, కొత్తవి తొలిపించి, ఒకదాన్ని ఇంకొకటి కాపాడేలా అమర్చాడు. అమెరికా పక్షాన దాదాపు 1,800 మంది చనిపోయారు. జపాన్ బలగం దాదాపు మొత్తంగా నశించింది. ఆ తరువాత కూడా 34 మంది అడవిలో, గుహల్లో దాక్కుని 1947 ఏప్రిల్‌లో గాని లొంగిపోలేదు.

ఈ దీవిలో దుర్గనిర్మాణం నిజంగా అధ్యయనానికి తగినది. గుహ ముఖద్వారం ఇరుకుగా, పక్కకు తిరిగి ఉంటుంది. లోపలికి కొద్ది అడుగులు వేయగానే సొరంగం లంబంగా మలుపు తిరుగుతుంది, ఎందుకంటే తిన్నగా ఉంటే బయటి నుంచి విసిరిన మంట, గుండు చివరిదాకా వచ్చేస్తాయి. ఒక గుహకు రెండు మూడు దారులుండడం వల్ల ఒక ద్వారం మూసినా లోపలివారు ఇంకొక చోట తేలేవారు. వెయ్యిమంది గుహగా పేరుపడిన సొరంగంలో దీపం వేస్తే ఇప్పటికీ నేల మీద సీసాలు, తుప్పు పట్టిన నీళ్ల డబ్బాలు, బూటు అడుగులు కనిపిస్తాయి. ఎవరూ అద్దాల పెట్టెలో పెట్టలేదు; వదిలిపోయినవారు వదిలినట్టే ఉన్నాయి.

తీరం సంగతి కూడా తక్కువ కాదు. దిగుడు తీరాల ఉత్తర కొసన సముద్రంలోకి పొడుచుకొచ్చిన పగడపు గుట్టలో కాంక్రీటు గూడు కట్టి, దాంట్లో 47 మిల్లీమీటర్ల ఫిరంగి పెట్టి, చుట్టూ మరతుపాకుల గూళ్లు అమర్చారు. అక్కడి నుంచి తీరమంతా పక్కవాటుగా కాల్పుల పరిధిలోకి వస్తుంది. దాన్ని పట్టుకున్న మెరీన్ కంపెనీ తన బలంలో ఎక్కువ భాగాన్ని పోగొట్టుకుంది. గాన్ పాయింట్‌లోని ఆలోచనే ఇక్కడ మరింత క్రూరంగా, మరింత చక్కగా అమలైంది. విమానాశ్రయం దగ్గర జపాన్ తేలికపాటి ట్యాంకు, శిథిలమైన నౌకాదళ ప్రధాన కార్యాలయం, పాత జపాన్ కట్టడంలోనే పెట్టిన చిన్న ప్రదర్శనశాల కూడా చూడవలసినవి. 2015 ఏప్రిల్‌లో చక్రవర్తి అకిహితో ఈ దీవికి కూడా వచ్చారు.

ఇబ్బందులూ అదే స్థాయిలో ఉంటాయి. కోరోర్ నుంచి పడవలో వచ్చి అదే రోజు తిరిగిపోయేవారు గంటలను లెక్కపెట్టుకుంటూ చూడవలసి వస్తుంది. దీవిలో బస కొద్దిగానే ఉన్నా, ఒక రాత్రి ఉండమనే నా సలహా. ఎండ, తేమ, పదునైన సున్నపురాయి కలిసి మోకాళ్లకు పరీక్ష పెడతాయి. పేలని గుళ్లు ఇంకా దొరుకుతున్నాయి. శుభ్రం చేసి గుర్తుపెట్టిన బాటను వదలడం, ఏ వస్తువునైనా కాలితో కదపడం ప్రాణాపాయం. అవశేషాలను తీసుకుపోవడం నేరం కూడా. గైడు లేకుండా వెళ్ళడం ఎలాగూ అర్థరహితం, ఎందుకంటే చెట్ల మధ్య పది అడుగుల దూరంలో ఉన్న గుహ కూడా తెలియనివారికి కనిపించదు.

## ఎవరికి ఏది

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబం, వెంట పదేళ్ల పిల్లలు, అరవై దాటిన తల్లిదండ్రులు ఉంటే గ్వామ్ తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. హొనొలులు మీదుగా వెళితే అమెరికా పరిధి దాటకుండా గ్వామ్ చేరతారు, టోక్యో మీదుగా వెళితే దేశం దాటినట్టే. పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరినవారు ఈ తేడాను న్యాయవాదితో మాట్లాడి గాని టికెట్లు కొనకూడదు. భారతదేశం నుంచి వెళ్ళేవారికి గ్వామ్, సైపాన్ రెండింటికీ అమెరికా వీసా కావాలి. పెలెలియుకు అది అక్కర్లేదు కదా అని గ్వామ్ మీదుగా టికెట్ కొంటే, దారిలో మారడానికి కూడా అదే వీసా అడుగుతారు. అది లేనివారు తైపే మీదుగా కోరోర్ చేరే దారి వెతుక్కోవాలి.

ఈత, డైవింగ్ ఇష్టమైనవారు సైపాన్‌ను ఎంచుకోవాలి. చరిత్ర బాగా చదివి, బంకరు అమరికను నిశితంగా చూడాలనుకునేవారికి పెలెలియు. వారికి గ్వామ్ చప్పగా ఉంటుంది, సైపాన్ చెదిరినట్టు అనిపిస్తుంది. ఇక బెటియో ఎవరికన్నది చెప్పడం కొంచెం కష్టం. సౌకర్యం కోరేవారికి కాదు, ఫొటోల కోసం వెళ్ళేవారికి అసలు కాదు. ఒక్క ఉదయంలో నడిచి ముగించగల దీవిలో ఒక యుద్ధం మొత్తాన్ని, దాని మీద కట్టుకున్న ఇప్పటి జీవితాన్ని కలిపి చూడగల ఓపిక ఉన్నవారికి అది మిగతా మూడింటికంటే లోతుగా దిగుతుంది. విశాఖ మీద 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడిన సంగతి తెలిసి, అక్కడి బీచ్‌లో ఇసుకలో కూరుకుపోయిన పిల్‌బాక్సును చూసి ఈ విషయం మీద ఆసక్తి పుట్టినవారు కూడా బెటియో గురించి ఆలోచించవచ్చు. విశాఖ పిల్‌బాక్సు ఏ దాడి కోసం ఎదురుచూసిందో, అలాంటి దాడి వచ్చిన చోటు అది.

ఈ నాలుగు కాక సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్, పాపువా న్యూగినీలోని రబౌల్ గురించి కూడా అడుగుతుంటారు. గ్వాడల్‌కెనాల్‌లో బొనెగి తీరంలో ఒడ్డు నుంచే కనిపించే నౌకా శిథిలాలు, విలు గ్రామంలోని ఆరుబయటి ప్రదర్శనశాల బాగుంటాయి, కానీ అది కాంక్రీటు తీరదుర్గాల పోరు కాదు. రాజధాని హొనియారాలో 2021 మేలో ఒక ఇంటి పెరట్లో వంట మంట కింద పాతిపడి ఉన్న ఫిరంగి గుండు పేలి ఇద్దరు చనిపోయారు. ఆ నేలలో ఇంకా ఏమున్నదో దాన్నిబట్టి ఊహించవచ్చు. రబౌల్ దగ్గర జపాన్ సైన్యం తవ్విన సొరంగాలు పెద్దవి. ఒకదానిలో పడవలు ఇప్పటికీ ఉన్నాయి. సింగపూరు పతనంలో పట్టుబడి, అక్కడికి తరలించబడి, చాకిరీలో చనిపోయిన భారతీయ సైనికుల సమాధులు పక్కనే బిటా పాకా శ్మశానంలో ఉన్నాయి. ఆ సమాధుల కోసమే వెళ్ళేవారికి ఈ పోలికతో పనిలేదు.

రెండు దీవులు చూసే వీలుంటే గ్వామ్, పెలెలియు జతను ముందు పెడతాను. రెండింటి మధ్య దాదాపు 1,300 కిలోమీటర్లు, నేరుగా విమానం ఉంది. గాన్ పాయింట్‌ను చూసి వెళ్ళినవారు పెలెలియు గుట్టలోని గూడును చూడగానే రెండు నెలల తేడాలో జపాన్ సేనానులు ఏం నేర్చుకున్నారో తామే గుర్తుపడతారు. గ్వామ్, సైపాన్ జత చౌక, దగ్గర. కానీ రెండూ ఒకే దశకు చెందినవి. ఏ జత ఎంచుకున్నా, ప్రయాణ తేదీలు ఖాయం చేసే ముందు పోటు పట్టిక చూసుకోవాలి. సైపాన్ ట్యాంకులకు ఎండ ఎక్కకముందు, అల తక్కువగా ఉన్న ఉదయం మేలు. బెటియో దిబ్బ మీది అవశేషాలు అమావాస్య, పున్నమి రోజుల్లో పాటు బాగా తీసినప్పుడే బయటపడతాయి. మరియానా దీవుల్లో వానాకాలం జూలై నుంచి నవంబరు వరకు, ఆ నెలల్లోనే తుపానుల బెడద ఎక్కువ. 2018 అక్టోబరులో యుటు తుపాను సైపాన్, టినియన్ దీవులను చిన్నాభిన్నం చేసింది. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వెళ్ళగలిగితే ఆకాశం, సముద్రం రెండూ అనుకూలిస్తాయి.